కాలువల పూడిక — దానిని తీయు విధము



కాలువ పూడినచో ముందుగా నష్టపడువాడు శివారు రైతు. తలభూములకు నీరందుచుండగనే, శివారున వరి పొట్టకు వచ్చువేళ నేల బీటలు వాఱును. ఊరంతయు కూలి పెట్టి త్రవ్వించినను కొన్నియెడల ఫలము కానరాదు. పూడిక యంతయు నొకటే యని తలచి, అన్నిచోట్ల నొకేరీతి త్రవ్వుట ఇందుకు తరచు కారణమగుచున్నది.

వంశధార, నాగావళి నదులు ఒడిషా కొండలలో పుట్టి, వేగముగా దిగివచ్చి, ఒకటి కళింగపట్నము వద్దను, రెండవది కళ్లేపల్లి వద్దను సముద్రమున గలియును. వరదలో ఇవి ఇసుకను, ఒండ్రును, బంకమన్నును కలిపి తెచ్చును. వంశధార నీరు గొట్టా వద్దను, నాగావళి నీరు 1908లో రెగ్యులేటరు కట్టబడిన తోటపల్లి వద్దను కాలువలలోనికి మరలును. నదికున్న వేగము కాలువకు లేదు గనుక బరువైన ఇసుక తలభాగముననే దిగును. తేలికయగు ఒండ్రు ముందుకు సాగి పిల్లకాలువలలో, తుంగ పెరిగిన తావుల నిలుచును. చెరువునందు వాగు చేరుచోట ఇసుకయు, నీరు కదలని గట్టు దాపున బంకమన్నును చేరును.

ఏది యెట్టిదో తెలియుటకు సీసాలో పిడికెడు పూడిక వేసి, నీరు పోసి, బాగుగా కుదిపి నిలుపవలెను. ఇసుక ఇంచుమించు నిమిషములో దిగును. ఒండ్రునకు కొన్ని గంటలు పట్టును. బంకమన్ను మఱునాటికిని నీటిని మడ్డిగా నుంచును.

ఇసుక: పారకు సులభముగా వచ్చును. కాని గట్టుపై పోసినచో వానకు జారి మరల కాలువలోనే పడును, దూరముగా వేయవలెను. కాలువ అసలు మట్టమునకు మించి త్రవ్వరాదు. త్రవ్వినచో ఆ గుంతలో నీరు మందగించి ఇసుక మరింత చేరును.

ఒండ్రు: మొదట తుంగను వేళ్లతో పెకలింపవలెను. వేళ్లు మిగిలినచో తుంగ తిరిగి మొలిచి క్రొత్త ఒండ్రును పట్టుకొనును. తీసిన ఒండ్రును పొలమునకు తోలుకొనుట లాభకరము.

బంకమన్ను: తడిగానున్నపుడు పారకంటును; పూర్తిగా నెండినచో రాయివలె బిగియును. నీరింకి కాలు దిగబడని యదనున త్రవ్వవలెను. ఇసుకనేలలకు తోలినచో తేమ నిలుచును. గట్టు మొదట మాత్రము త్రవ్వరాదు. గట్టు బలము చెడును.

పని మొదలిడుటకు ముందు తలనుండి శివారు వరకు కాలువ మట్టము చూపించుకొనవలెను. ప్రభుత్వపు కాలువలలో నీటిపారుదల శాఖవారి యనుమతి పొందవలెను. తలలో ఇసుకమేట యున్నంతకాలము శివారున నెంత లోతు త్రవ్వినను నీరు రాదు. కావున తలరైతులును, శివారు రైతులును కలిసి, మేట యున్నచోటనే ముందుగా కూలి వెచ్చింపవలెను.