వాడని కిరీటము

పరీక్షలు దగ్గరపడిన దినములలో మన యిండ్లు ఎట్లుండునో ఒకమారు తలచుకొందము. తెల్లవారుజామున నాలుగు గంటలకే దీపము వెలుగును. తల్లి పిల్లవానిని లేపి, వేడి కాఫీ చేతికిచ్చి, తాను కునికిపాట్లు పడుచునే వానికెదురుగా కూర్చుండును. దగ్గరి బంధువుల యింట పెండ్లియైనను తండ్రి యొక్కడే పోయి అక్షతలు వేసి వచ్చును. పిల్లవాని మార్కుల కొరకు ఇంటిల్లిపాదియు ఒక విధమగు దీక్ష వహించును. అదే యింట, ఆదివారమునాడు నాలుగు చినుకులు రాలినచో, గుడికి పోవుట యెట్లని సందేహము పుట్టును. బైబిలుపై పేరుకొన్న దుమ్ము క్రిస్మసు ముందు వారమున తుడువబడును. శ్రోతలారా, ఇది పొరుగువారిని గూర్చి చెప్పుట కాదు. మా యింటి ముచ్చటయే.

ఇంటిస్థలము కొనవలసివచ్చిన వేళ మన జాగ్రత్త చూడదగినది. ముప్పది యేండ్ల వెనుకటి దస్తావేజులు తిరగవేయింతుము, హద్దులు కొలిపింతుము, ప్లీడరు గారి సలహా పుచ్చుకొందుము. ఆత్మ విషయము వచ్చుసరికి మాత్రము, తాతగారు ఏనాడో బాప్తిస్మము పొందిరి గదా, పట్టా మన పేరనే యున్నది గదా యని నిశ్చింతగా నిదురింతుము.

లూకా సువార్త పదునారవ అధ్యాయమున అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని కథ గలదు. ఆదివారపు బడిలో పిల్లలు తరచుగా తికమకపడునది ఈ కథయే. ఉద్యోగము పోనున్నదని తెలిసిన మరుక్షణమే వాడు యజమానుని ఋణస్థులను ఒక్కొక్కరినే పిలిచి, నూరు మణుగుల నూనె బాకీని ఏబదిగాను, నూరు తూముల గోధుమల బాకీని ఎనుబదిగాను వ్రాయించెను. అట్టి మోసగానిని యజమానుడు మెచ్చుకొనెనట! మెచ్చుకొన్నది మోసమును గాదు, చురుకుదనమును. తనకు గడువు ముగియుచున్నదని వాడెరిగెను. ఎరిగి, ఆ దినముననే కదలెను. మనకును గడువు గలదని మనమెరుగుదుము గాని కదలము. ఆ కథలోని ముల్లు అదియే.

అపొస్తలుడగు పౌలు ఈ మాటనే ఆటగాండ్రను చూపి చెప్పెను. ఆయన కొరింథు పట్టణమున డేరాలు కుట్టుచు ఏడాదిన్నర కాలము నివసించెను. ఆ పట్టణమునకు చేరువనే, సన్నని భూసంధిపై, రెండేండ్లకొకమారు గొప్ప పందెములు జరుగుచుండెడివి. గ్రీసుదేశపు పందెములలోకెల్ల ప్రసిద్ధమగు ఒలింపియా పందెములలో పాల్గొనువారు పదినెలలు అభ్యాసము చేసితిమని ప్రమాణము చేయవలసియుండెను. ఇంతయు దేనికి? కొరింథు పందెములలో గెలిచినవాని తలపై పెట్టెడిది పైనుచెట్టు ఆకుల దండ. కొంతకాలము ఎండిన ఆకుకూర వంటి యొక మొక్క దండ. అది వాడిపోవుటకు ఎన్ని దినములు పట్టును? వాడని దాని కొరకు మీరెంత అభ్యాసము చేయుచున్నారని పౌలు ఆ ఊరివారినే అడిగెను.

కొరింథు దూరపు మాట. మన తెలుగునేలపైనే ఇందుకు సాక్ష్యము కలదు. ఒంగోలునకు నలుబది మైళ్ళ దూరపు పల్లెలో యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ కులస్థుడుండెను, తోళ్ళ పనివాడు. చదువు లేదు, ఆస్తి లేదు. 1866వ సంవత్సరమున ఆయన బాప్తిస్మము పొందెను. బ్రదుకుతెరువునకై తిరిగిన కాళ్ళు అటుపిమ్మట సువార్తకై తిరిగినవి. ఆయన తన బంధువుల యిండ్లకు, తనకు తెలిసిన పల్లెలకే పోయెను. ఆ దారులను ఆయనకు క్రొత్తగా ఎవరును చూపనక్కరలేకపోయెను. అంతకుముందు కూటి కొరకు పడిన శ్రమనే ఆయన మరియొక దాని కొరకు పడెను. మనకు అలవడనిది ఇదియే. భక్తికి వేరొక మనిషి, వేరొక బలము, వేరొక తీరిక కావలెననుకొని కూర్చుందుము.

పదేండ్ల పిమ్మట 1876–78 నాటి ఘోరమగు కరవు వచ్చినది. ఒంగోలున నున్న మిషనరీ జాన్ క్లౌ దొర పూర్వము భూములు కొలిచిన సర్వేయరు. ఆయన బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టుగా పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించెను. పగలు మట్టిపని, సాయంకాలము బోధ. బాప్తిస్మమిమ్మని ఎందరు వేడినను, కరవు తీరువరకు ఆయన ఈయలేదు. అన్నము కొరకు వచ్చినవారెవరో, దేవుని కొరకు వచ్చినవారెవరో తేలవలెనని వేచియుండెను. తరువాత, 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

కరవునాటి సాయము వారి మనస్సులను మెత్తబరచలేదనుట సత్యము కాదు. మెత్తబరచినచో తప్పును లేదు. కాని వారు తదుపరి కాలమున చెల్లించిన వెలను గూడ లెక్కింపవలెను. జాతరలకు డప్పు కొట్టుట మానిరి. చచ్చిన పశువు మాంసము తినుట మానిరి. ఆదివారము పనికి పోవుట మానిరి. దినకూలితో బ్రదుకువాడు ఒకదినము మానుట యెట్టిదో, నెల జీతగాండ్రమగు మేము ఊహింపజాలము. ఊరి పెద్దల కోపము దానికి తోడు.

దోర్నకల్లు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి కాలపు సంగతి మరియొకటి. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. మంచి ఉద్యోగమును వదలి, 1909లో దోర్నకల్లు చేరి, తెలుగు నేర్చెను. 1912లో ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పయ్యెను. ఆయన మందలో నూటికి తొంబదిమంది నిరుపేదలే యన్నను అతిశయోక్తి కాదు. ఆ పల్లెలలోని స్త్రీలు వంటకు బియ్యము కొలుచునపుడు పిడికెడు తీసి వేరొక కుండలో వేయుచుండిరి. ఆదివారము ఆ కుండలోని బియ్యము గుడికి వచ్చుచుండెను. ఇంటిలో నలుగురు పిల్లలు, కుండలో బియ్యము ముగ్గురికే సరిపడును. అప్పుడును పిడికెడు తీయవలెను. అది దానమని మేమనము. ప్రతిదినము పొయ్యి రాజేయుటకు ముందు తన విశ్వాసమును ఆ తల్లి చేతితో తాకి చూచుకొనుచుండెను.

ఇచట ఒక అభ్యంతరము రాగలదు. దేవుని కృప పరీక్షలో మార్కుల వంటిది కాదు గదా, శ్రమపడి సంపాదింపదగినది కాదు గదా యని. నిజమే. ఆసక్తి యొక్కటియే చాలదనియు ఒప్పుకొందుము. సంఘమును హింసింపబూని దమస్కునకు పోవునాడును పౌలునకు ఆసక్తి కొరవడలేదు. సంఘపు ఎన్నికలలోను, గుడి ఆస్తి వ్యాజ్యములలోను నేడు మనవారు చూపు ఉత్సాహము చూచినచో, ఈ ఉపన్యాసమునకు అవసరమే లేదనిపించును! అయినను, ఉచితముగా వచ్చిన పొలమును బీడు పెట్టువానిని ఏ రైతును మెచ్చడు.

గడచిన శ్రమకాల దినములలో మేమును మా వంటయింట బియ్యపు డబ్బా ప్రక్కన ఒక చిన్న కుండ నుంచితిమి. మొదటి వారమున మూడు దినములు పిడికెడు వేయుట మరచితిమి. ఆ గోడకే వ్రేలాడు క్యాలెండరుపై పాల లెక్క గుర్తించుట మాత్రము ఒక్కనాడును మరువలేదు.