ఆటలూ, మన పిల్లలూ
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మమ్మల్ని పిలిచి తెలుగులో మాట్లాడమన్నారు. తప్పులుంటే సర్దుకోండి.

ముందుగా మా తప్పు ఒప్పుకుంటాము. పరీక్షలు దగ్గర పడగానే డ్రిల్లు పీరియడును లెక్కలకు లాక్కునే అయ్యవార్లలో మేమూ ఒకరం. పిల్లలు కిటికీలోంచి మైదానం వైపు చూస్తుండగా మేము బోర్డు మీద భిన్నాలు వేసేవాళ్ళం. ఆ భిన్నాలు ఎంతమందికి ఎక్కినవో అల్లాకే తెలుసు. ఇంట్లో మీరూ "ఆడింది చాలు, పుస్తకం పట్టు" అంటారు గదా!

మా వంటి బడిపంతులు ఒకాయన ఉండేవారు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 1909లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదివి, పాఠాలు చెప్పి, ఆ పిమ్మట భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకులైనారు. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోల్సుతో ఓడిపోయింది. మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడినారు. అంత ఓటమి తర్వాత ఎవరైనా ఇంట్లో కూర్చుంటారు. రహీం సాబ్ కూర్చోలేదు. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదనే 4–2తో ఓడించి మన జట్టు నాల్గవ స్థానానికి వచ్చింది. 1962లో జకార్తా ఏషియన్ గేమ్సులో బంగారు పతకము. అప్పటికే ఆయన జబ్బు మనిషి. మరుసటి సంవత్సరమే క్యాన్సరుతో పోయినారు.

ఆయన శిక్షణలో ఒక పద్ధతి మాకు బాగా నచ్చింది. బలము లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టించేవారు. కుడికాలి వాడు ఎడమకాలితోనే తన్నాలి.

మన తిరుపతిలో ఫుట్‌బాల్ తక్కువ. ఇక్కడ పిల్లలకు కబడ్డీ, క్రికెట్టే. మా తరగతిలో ఒక పిల్లవాడు, పేరు చెప్పము, హాజరు పిలిస్తే పలికే మాట పక్కవానికి కూడ వినపడదు. మార్కులు మాత్రం మంచివే. వానిని కబడ్డీలో నిలబెట్టినాము. కబడ్డీలో కూత పెట్టనిదే గీత దాటేందుకు లేదు. మొదటిరోజు కూత తెగి ఔటైనాడు. బయట కూర్చున్నాడు. తనవాడు ఒకడు అవతలివాణ్ణి ఔట్ చేస్తే గాని లోపలికి రాలేడు. అట్లా వచ్చినాడు, మళ్ళీ పోయినాడు. నెల తిరిగేసరికి వాని కూత ఆఫీసు గదిలోకి వినబడింది. ఇప్పుడు వాళ్ళ దుకాణంలో బేరం వాడే మాట్లాడతాడు. ఏ పాఠ్యపుస్తకముతో ఈ పని చేయించగలము, చెప్పండి?

ఇక ఆడపిల్లల సంగతి. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగులో ప్రపంచ విజేత అయింది. తండ్రి జమీల్ అహ్మద్ గారు అండగా నిలిచినారు. మా బడిలో మాత్రం ఆట గంట అంటే ఆడపిల్లలు వేపచెట్టు కింద కూర్చోవడమే. ఎవరూ వద్దనలేదు; రమ్మని పిలిచినవాళ్ళూ లేరు.

రహీం సాబ్ శిష్యుల్లో తులసీదాస్ బలరాం అని సికింద్రాబాదు పక్క పేదింటి పిల్లవాడు. సాధనకు వచ్చేదానికి డబ్బులు లేవంటే, సైకిలు బాడుగ ఆయనే సర్దినారు. జకార్తా జట్టులో ఆ బలరాం కూడ ఉన్నాడు. మన సొసైటీ ఫీజులకు, పుస్తకాలకు సాయం చేస్తున్నది, సంతోషము. ఈ ఏడు ఆ పద్దులో ఒక నెట్టు, నాలుగు రింగులు, ఒక వాలీబాల్ కూడ రాయించండి. సాయంత్రం ఒక గంట ఆలస్యంగా ఇంటికి వచ్చే కూతుర్ని గుమ్మంలో నిలదీయకుండా ఉండేది తల్లిదండ్రుల వంతు.

మేము లాక్కున్న డ్రిల్లు పీరియడు సోమవారం నుంచి పిల్లలకు తిరిగి ఇచ్చేస్తున్నాము.