మేనరికము – మానని గాయము

(అహోబిలంలో జరిగిన పెన్షనర్ల వనభోజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, ఫైళ్ళు రాసి రిటైరైన గుమాస్తాను. మా ఇంట్లో జరిగినది చెప్పడానికే నిలబడ్డాను.

ఆస్తి బయటికి పోకూడదని మా అమ్మాయిని నా బావమరిదికే ఇచ్చి చేశాను. మన సీమలో ఇది కొత్తేమీ కాదు. మనవడు పుట్టాడు. బొడ్డు ఊడిన చోట రోజుల తరబడి రక్తం కారింది. దిష్టి అనుకొని స్వామికి మొక్కుకున్నాము. ఆరో ఏట ఇక్కడే, ఎగువ అహోబిలం మెట్ల మీద పడి మోకాలు చీరుకున్నాడు. రక్తం ఆగింది. మర్నాడు రాత్రి మళ్ళీ మొదలైంది. పుండు మానడానికి నెలన్నర పట్టింది, మచ్చ కూడా సరిగా కట్టలేదు. మామూలు రక్తపరీక్షలన్నీ బాగున్నాయన్నారు. చివరికి వేలూరులో తేలింది, పదమూడవ ఫ్యాక్టరు లోపమని.

గాయమైనప్పుడు రక్తంలో ఫైబ్రిన్ పోగులు అల్లుకొని గడ్డకడుతుంది. ఆ పోగులను కలిపి కుట్టి బిగించేది పదమూడవ ఫ్యాక్టరు. కుట్టు లేని అల్లిక ఒకటి రెండు రోజుల్లో కరిగిపోతుంది. కొత్త కణాలు పాకి గాయాన్ని పూడ్చడానికి ఆ అల్లికే ఆధారం. మామూలు పరీక్షలు గడ్డకట్టే సమయాన్నే చూస్తాయి, దాని గట్టిదనాన్ని చూడవు.

1960లో స్విట్జర్లాండులో మొదట గుర్తించిన ఈ జబ్బు సుమారు 20 లక్షల మందిలో ఒకరికి ఉంటుంది. చెడిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రావాలి. ఒకవైపు నుంచే వస్తే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. దగ్గరి చుట్టరికంలో అది రెండువైపులా కలిసే అవకాశం ఎక్కువ. అప్పుడు ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు భయం. మా అత్తగారి బిడ్డ ఒకరు పురిట్లోనే బొడ్డు రక్తం ఆగక పోయారు. పెళ్ళినాడు జాతకాలు చూశాను గాని, ఆ సంగతి తలచుకోలేదు. మా అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు బరువు.

ఈ జబ్బులో మెదడులో రక్తస్రావం పెద్ద ప్రమాదం. అయితే ఎక్కించిన ఫ్యాక్టరు ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది కనుక నెలకొకసారి సరిపోతున్నది. మనవడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు.

నా మనవి ఇంతే. బొడ్డు రక్తం ఆగకపోయినా, ఆగిన గాయం మళ్ళీ కారినా దిష్టి అనకండి. మేనరికమని డాక్టరుకు దాచకండి. పదమూడవ ఫ్యాక్టరు పరీక్ష సంగతి అడగండి. ఇళ్ళలో పసిబిడ్డలు ఎలా పోయారో పిల్లలకు తెలియదు, మనకే తెలుసు. సంబంధం అనుకునే ముందే నోరు విప్పి చెప్పండి.

సెలవు.