ఉరిశిక్షపై సుప్రీముకోర్టున తెలుగు రైతుల మొర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఉత్సవవేళ ఉరిశిక్షల ముచ్చట యేలనని కొందరికి తోచవచ్చును. కోర్టు అనగానే తడ వాసులమగు మనకు పొలముగట్ల తగవులే తలపునకు వచ్చును. కాని మన రాజ్యాంగమునకు ఏడాది నిండకముందే తెలుగు రైతుల ప్రాణములు దాని గడపయందు నిలిచినవి. ఆ రైతులు తెలంగాణ సాయుధ పోరాటమునకు చెందినవారు. ఆ పోరాట నాయకులలో ముఖ్యులైన పుచ్చలపల్లి సుందరయ్యగారు మన నెల్లూరు సీమలోని అలగానిపాడున జన్మించినవారే.

1948 పోలీసు చర్య పిమ్మట సైనిక గవర్నరు పాలనలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడినవి. హత్యానేరములపై పండ్రెండుగురికి 1949లో మరణశిక్ష పడినది. డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు దానిని స్థిరపరచెను. నెల తిరిగిన పిమ్మట, 1950 జనవరి 26న, రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. అంతవరకు పై అప్పీళ్లు వినుచుండిన నైజాము జుడీషియల్ కమిటీ అధికారము అంతరించినది. ఢిల్లీకి పోగా, ఆ తేదీకి ముందు ముగిసిన తీర్పులపై మాకు అప్పీలు లేదని 1950 డిసెంబరులో సుప్రీముకోర్టు చెప్పినది. పాత రేవు మూసిరి. కొత్త రేవున పడవ యెక్కనీయరైరి!

ఉరికి దినములు నిర్ణయమైనవి. అప్పుడు 32వ అధికరణము క్రింద హెబియస్ కార్పస్ అర్జీలు పడినవి. లండను నుండి వచ్చిన ప్రసిద్ధ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ రైతుల పక్షమున వాదించెను. ముద్దాయిలకు వకీలును పెట్టుకొను తగిన అవకాశమీయని విచారణ విచారణయే కాదనునది ప్రధాన వాదము. 1932లో అమెరికా సుప్రీముకోర్టు, అలబామా నీగ్రో యువకుల కేసులో, ఇట్టి కారణముననే శిక్షలను రద్దుచేసియుండెను. 1951 మార్చిలో మన కోర్టు దీని కంగీకరింపలేదు. అధికారము గల కోర్టు శిక్షించి, హైకోర్టు స్థిరపరచిన పిమ్మట, హెబియస్ కార్పస్ ద్వారా ఆ తీర్పును తిరుగదోడరాదనియు, వకీలు లేనంత మాత్రమున విచారణ చెల్లకపోదనియు నిర్ణయించెను.

తేదీని గూర్చిన మాట న్యాయశాస్త్రరీత్యా సరియే కావచ్చును. వకీలును గూర్చిన మాట మాత్రము నాకు రుచింపదు. చట్టపు భాష యెరుగని సేద్యగాడు ప్రభుత్వ ప్లీడరు నెదుట ఒంటరిగా నిలిచి సాక్షులను అడ్డుప్రశ్న లెట్లు వేయగలడు? ఏమైనను వారు ఉరికంబ మెక్కలేదు; శిక్షలు యావజ్జీవముగా మారినవి. ఈ కేసు సాగినంత కాలమును వారు ప్రాణములతో నుండుటయే దాని తొలి ఫలము.

నాడు నెగ్గని వాదము కాలక్రమమున నెగ్గినది. ఉచిత న్యాయసహాయమును ఆదేశించు 39-ఎ అధికరణము 1976 సవరణతో చేరెను. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసున అది జీవించు హక్కులోని భాగమని సుప్రీముకోర్టు పలికెను. 1986లో సుక్ దాస్ కేసున, పేద ముద్దాయికి వకీలు నీయలేదను కారణముననే శిక్షను కొట్టివేసెను. సహాయము కావలెనని ముద్దాయి నోరు తెరచి అడుగలేదనుట ప్రభుత్వమునకు సాకు కాదనికూడ చెప్పెను. 1987 చట్టము ననుసరించి నేడు ప్రతి జిల్లాలోను న్యాయసేవాధికార సంస్థ యున్నది. అరెస్టయిన పేదవాడు దానికి ఒక అర్జీ వ్రాసిన చాలును. వ్రాయనేరనివానికి మన గ్రంథాలయములోని చదువరి యెవరైనను వ్రాసిపెట్టవచ్చును.