మిర్యాలగూడ నూకలు, సెనెగల్ రైతులు
(ఎడమ కాల్వ ఆయకట్టు రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సాగర్ నీళ్లు ఎప్పుడు వదులుతారు, వడ్లు ఎప్పుడు కాంటా వేస్తారు అని మాట్లాడుకునే చోట ఆఫ్రికా ఊసెందుకని కొందరు అడిగారు. మన వడ్ల ధరకూ ఆఫ్రికాకూ లంకె ఉంది, అందుకే. దేశాల మధ్య సాగే బియ్యం వ్యాపారంలో సుమారు 40 శాతం మన దేశానిదే. అందులో బాస్మతి కాని బియ్యానికి పెద్ద గిరాకీ పశ్చిమాఫ్రికాలో ఉంది. కాకినాడ రేవులో ఓడలకెక్కే సరుకులో మన వైపు మిల్లుల బియ్యం కూడా ఉంటుంది. బెనిన్ వాళ్లు ఉప్పుడు బియ్యం కొంటారు, సెనెగల్ వాళ్లు నూకలు కొంటారు.

నూకలే ఎందుకంటే, అది ఫ్రెంచి పాలకులు చేసిన అలవాటు. సెనెగల్ పొలాల్లో తమ నూనె మిల్లుల కోసం వేరుశనగ వేయించారు. తిండికి బదులుగా ఇండోచైనా మిల్లుల్లో మిగిలిన నూకలను ఓడల్లో తెచ్చి పోశారు. ఇప్పుడు ఆ దేశంలో చేపలతో వండే పేరున్న అన్నం నూకలతోనే వండుతారు. మన ఇంట్లో కోళ్లకు చల్లేది అక్కడ చుట్టాలకు వడ్డించే భోజనం. అయితే ఆ దేశంలోనూ సెనెగల్ నది పొడవునా కాల్వల కింద వరి వేసే రైతులున్నారు. దిగుమతి బియ్యం గోదాముల్లో నిండి ఉన్నప్పుడు వాళ్ల పంట అడిగేవాడుండడు. ఈ బాధ మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

మన ప్రభుత్వం చేసింది చూడండి. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపింది. 2023 జూలై 20న తెల్ల బియ్యం ఆపింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేసింది. తెల్ల బియ్యానికి, ఉప్పుడు బియ్యానికి దారి తెరుచుకునేసరికి 2024 సెప్టెంబరు, అక్టోబరు వచ్చాయి. నూకలకు 2025 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. ప్రపంచ మార్కెట్లో బియ్యం ధర పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంత పైకి ఎక్కిన రోజులవి. ఆ పెరుగుదల మన కల్లాల దాకా రానివ్వలేదు. అటు కూలి చేసుకు బతికే ఆఫ్రికా పేదలు బియ్యం ఎక్కువ ధర పెట్టి కొనుక్కున్నారు. నాట్లు వేసినవాళ్లను ఒక్క మాట అడగకుండానే ఈ ఉత్తర్వులన్నీ వచ్చాయి.

అక్కడి సంఘాలు ఏం చేశాయో కూడా తెలుసుకోవాలి. యూరప్ వాళ్లు కోడి రొమ్ము మాంసం తిని, మిగిలిన కాళ్లు, రెక్కలు గడ్డకట్టించి కామెరూన్‌కు కారుచౌకగా పంపేవారు. అక్కడి కోళ్ల రైతులు దివాలా తీశారు. 2004 ప్రాంతంలో బెర్నార్డ్ ఎన్జోంగా నడిపిన ఏసీడీఐసీ అనే పౌర సంఘం బజారులో అమ్మే ఆ మాంసాన్ని ప్రయోగశాలలో పరీక్ష చేయించింది. చాలా మటుకు తినడానికి పనికిరానిదని తేలింది. దాంతో రైతు గోడు కాస్తా కొనేవాళ్ల ఆరోగ్యం సంగతి అయింది, సర్కారు దిగుమతులకు అడ్డుకట్ట వేయక తప్పలేదు. వినియోగదారులను కలుపుకోవడమే వాళ్ల బలం. మనం ఇందులో ఇంకా వెనకే ఉన్నాం.

పశ్చిమాఫ్రికా రైతు సంఘాలన్నీ కలిసి 2000లో రోప్పా అనే సమాఖ్య పెట్టుకున్నాయి. ఆ దేశాలన్నిటికీ ఒకే దిగుమతి సుంకం నిర్ణయించేటప్పుడు రైతు పంటలకు ఎక్కువ రక్షణ కావాలని అది పోరాడింది. 35 శాతం సుంకం శ్రేణి వచ్చింది గానీ బియ్యాన్ని అందులో చేర్చలేదు. బియ్యంపై 10 శాతమే ఉంచారు.

రేపు వాళ్లు ఆ సుంకం పెంచమంటే మనం ఏమనాలి? కొందరు మిత్రులకు ఇది మింగుడు పడకపోవచ్చు, అయినా వద్దనే హక్కు మనకు లేదంటున్నాం. ఆర్సెప్ ఒప్పందంలో చేరితే న్యూజిలాండ్ పాలపొడి వచ్చి మన పాడిని ముంచుతుందని రైతు సంఘాలు వీధికెక్కాయి. 2019 నవంబరులో మన ప్రభుత్వం దాన్నుంచి బయటికొచ్చింది. మన పాలకు ఒక న్యాయం, వాళ్ల వడ్లకు ఇంకో న్యాయమా? పైగా మన మద్దతు ధర కొనుగోళ్లు తప్పని ప్రపంచ వాణిజ్య సంస్థలో పెద్ద దేశాలు వేలెత్తి చూపుతుంటే, ప్రభుత్వ నిల్వల హక్కు కోసం 2022లో మనమున్న జీ-33తో కలిసి ప్రతిపాదన పెట్టింది ఆఫ్రికా దేశాల కూటమే.

మరి మన గతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లు తమ పంట పెంచుకున్నా, కొనాల్సింది ఇంకా చాలా కాలం ఉంటుంది. మనల్ని ముంచేది వాళ్ల సుంకం కంటే రాత్రికి రాత్రి వచ్చే మన ఉత్తర్వులే. కాబట్టి మూడు కోరుతున్నాం. నాట్లకు ముందే ఆ ఏడాది ఎగుమతి విధానం ప్రకటించాలి. దాన్ని నిర్ణయించే చోట మిల్లర్లు, ఎగుమతిదారులతో పాటు రైతు సంఘాలనూ కూర్చోబెట్టాలి. విదేశీ గిరాకీ ఉన్నా లేకపోయినా మద్దతు ధరకు చట్టబద్ధత ఉండాలి.

ఈ అంశాలతో తీర్మానం ముసాయిదా గ్రామ శాఖలకు పంపుతున్నాం. దాని ప్రతిని ఒక ఉత్తరంతో కలిపి రోప్పాకు కూడా పంపాలని మా ప్రతిపాదన. వానాకాలం కోతలు మొదలయ్యేలోపు శాఖల్లో చర్చించి, మార్పులేమైనా ఉంటే రాసి పంపండి.