బ్రాడ్ స్ట్రీట్ పటం ఎవరిది?



మా గురువుగారి పేరిట మాట్లాడే గౌరవం నాకిచ్చారు, తీసుకుంటున్నాను. ఆయన పాండిత్యం సంగతి ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు గుర్తున్నది ఆయన జేబులోని ఎర్ర పెన్సిలు. నేను గీసిన తొలి పటంలో ఒక బావి చుట్టూ సున్నా చుట్టి, "ఇది చూశావా, విన్నావా?" అన్నారు. విన్నాను. మర్నాడు బస్సెక్కి ఆ ఊరు వెళ్లి చూస్తే బావి ఎప్పుడో పూడ్చేశారు. అలాంటి మనిషితో ఒక్క విషయంలో ముప్ఫయ్యేళ్లు వాదించాను. అది తేలకుండానే ఆయన వెళ్లిపోయారు. ఇవాళ దాన్నే ఎత్తుకుంటాను.

లండన్ కథ మీకు తెలిసిందే. 1854 ఆగస్టు ఆఖరున సోహోలో గత్తర లేచింది. 600 మందికి పైగా పోయారు. డాక్టర్ జాన్ స్నో మాట మీద సెప్టెంబరు 8న బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడి ఊడదీశారు. కలరా గాలిలో రాదు, నీళ్లలో వస్తుందని ఆయన 1849లోనే రాశాడు. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ పటం దగ్గర. స్నో పటం గీశాడు, చూశాడు, పంపు దొరికింది అని విద్యార్థులకు చెబుతున్నాం. వరస తలకిందులైంది. పిడి ఊడింది సెప్టెంబరులో. పటాన్ని ఎపిడెమియలాజికల్ సొసైటీలో చూపింది డిసెంబరులో. అచ్చయింది 1855లో. పంపును పట్టిచ్చింది రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం ఇచ్చిన చావుల జాబితా, ఆ పైన అందులోని 83 చావుల మీద ఇంటింటి విచారణ. పంపు చేరువలో 73 చావులు. వారిలో 61 మంది ఆ నీళ్లు తాగేవారని ఇంటివాళ్లు చెప్పారు. మిగిలిన 10 వేరే పంపుల దగ్గరివి. అందులో ముగ్గురు పిల్లలు బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గరి బడికి వెళ్లేవారు. ఇదీ ఇంటివాళ్లు చెప్పిందే.

అదే సెప్టెంబరులో మురుగుకాలువల కమిషన్ ఇంజనీరు ఎడ్మండ్ కూపర్ కూడా చావులను పటానికెక్కించాడు. కొత్త కాలువల వల్లే జనం చస్తున్నారన్న మాట నిజం కాదని తేల్చడం ఆయన పని. అవే వీధులు, అవే చావులు. పంపు మాత్రం ఆయనకు కనబడలేదు.

గురువుగారు సరిగ్గా ఇక్కడే నన్ను పట్టుకునేవారు: "నేననేదీ అదేనయ్యా. సిద్ధాంతం ఉన్నవాడికే పటం పలుకుతుంది." ఈ మాటలో బలముంది. మరి హెన్రీ వైట్‌హెడ్‌ను ఎక్కడ కూర్చోబెడదాం? ఆ పేట చర్చిలో కుర్ర పాదిరి. స్నో చెప్పింది తప్పని రుజువు చేద్దామనే బయల్దేరాడు. పారిష్ విచారణ సంఘంలో చేరి, ఒక్కో గుమ్మం పదేపదే ఎక్కాడు. పోయినవాళ్ల గురించే కాదు, బతికినవాళ్లనూ అడిగాడు: తాగారా, తాగలేదా? 40వ నంబరు ఇంటి పసిబిడ్డ విరేచనాలతో పోయిన నమోదు ఆయన కంటపడింది. జబ్బు మొదలైంది గత్తర లేవక ముందే. తల్లిని అడిగితే, గుడ్డలు ఉతికిన నీళ్లు ఇంటి ముందరి గుంటలో పోశానంది. తవ్వితే ఆ గుంట ఇటుకలు శిథిలమై ఉన్నాయి; మురుగు పంపు బావిలోకి దిగుతోంది. స్నో దగ్గర లేని ఆ ముడిని విప్పింది ఆయన్ను నమ్మని మనిషి, బిడ్డను పోగొట్టుకున్న తల్లి. పటం మీద వాళ్ల పేర్లు లేవు. నా ఫిర్యాదు ఇదే, సిద్ధాంతం మీద కాదు.

మన కాలానికొచ్చినా ఈ ఫిర్యాదు తీరలేదు. 2020 మార్చిలో మన యువకులు స్వచ్ఛందంగా మొదలుపెట్టిన కోవిడ్19ఇండియా వెబ్‌సైటు రాష్ట్రాల బులెటిన్లన్నీ ఏరి ఒక్కచోట చూపింది, లెక్కలన్నీ బయటపెట్టింది. 2021 అక్టోబరు 31న ఆపేశారు. వాళ్లకు నేను రుణపడి ఉన్నాను. అయినా అది సగం దారే. ఇంటింటికీ తిరిగినవాళ్లు బులెటిన్ వెనకే ఉండిపోయారు.

మూడేళ్లుగా నేను చేస్తున్న పని ఆ మిగతా సగం. ఆరోగ్య ఉపకేంద్రం గోడ మీద చేత్తో గీసిన ఊరి పటం మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని నేల మీద పరిచి, ఆశా కార్యకర్తలతో కలిసి డెంగీ జ్వరాలు గుర్తిస్తున్నాం. ఒక కుర్రాడి చుక్క నేను వాళ్లింటి మీద పెట్టాను. "ఆ పిలగాడు పొద్దంత ఇంట్ల యాడుంటడు సార్, టైర్ల షాపుల ఉంటడు" అందొకామె. డెంగీ దోమ కుట్టేది పగలు. పాత టైర్లలో నిలిచిన నీళ్లే దానికి పుట్టిల్లు. ఆమె చుక్క చెరిపి షాపు మీద పెట్టింది. మర్నాడు వెళ్లి టైర్లు కదిపితే, నీళ్లనిండా దోమ పిల్లలు.

ఆ పటం కింద ఇప్పుడు పదకొండు పేర్లున్నాయి. అచ్చుకు పంపితే ఒక పత్రికవారు పేర్లు తగ్గించమన్నారు. కుదరదని రాశాను. వచ్చే వానాకాలానికి పక్క ఊళ్లవాళ్లూ వస్తామన్నారు, పేర్లు ఇంకా పెరుగుతాయి.