సైనికుని నిద్రలేని రాత్రి



కర్మెలుమీద జయించిన ఏలీయాయే బదరీవృక్షము క్రింద మరణము కోరెను. దేవదూత అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును ఇచ్చెను.

మన సంఘస్థుడైన ఒక మాజీ హవల్దారు నిద్ర పట్టుట లేదనగా, విశ్వాసముంచుమని చెప్పి పంపివేసితిని. అది నా తప్పు. భార్య మేల్కొనియుండబట్టి ఆ రాత్రి అతడు బ్రతికెను.

మీరట్లు చేయకుడి. "చావవలెనని తోచుచున్నదా?" అని నెమ్మదిగా, సూటిగా అడుగుడి, అడిగినంత మాత్రాన ఆ తలంపు పుట్టదు. ఒంటరిగా విడువకుడి. పురుగుమందు, తుపాకి అందుబాటులో ఉంచకుడి.

2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. రేయింబవళ్లు తెలుగులో ఉచితముగా మాటలాడుదురు. ఈసీహెచ్ఎస్ కార్డు మనోవైద్యమునకును చెల్లును. వైద్యునియొద్దకు పోవుట అవిశ్వాసము కాదు. ఏలీయాకు పెట్టిన రొట్టె వంటిదే అది.